హెండ్రిక్స్ బొటనవేలు: గిటార్ సందేహాలు – సమాధానాలు

సందేహం: మాస్టారూ, నేను ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ నుంచీ ఎలక్ట్రిక్ గిటార్ సాధన చేస్తున్నాను. కష్టమైన సోలోలు కూడా స్పీడు తగ్గకుండా వాయిస్తాను. అయినా కాలేజీ ఫెస్టులో విన్నవాళ్లు ‘భలే స్పీడురా’ అనేసి ఊరుకుంటున్నారు. జిమీ హెండ్రిక్స్ కన్నా వేగంగా వాయించేవాళ్లు ఈరోజు వీధికొకరున్నారు కదా! మరి ‘రోలింగ్ స్టోన్’ పత్రిక గొప్ప గిటారిస్టుల జాబితా వేసినప్పుడల్లా, 2003లోనూ 2011లోనూ 2023లోనూ, ఆయన్నే మొదట ఎందుకు పెట్టింది?
– ఒక విద్యార్థి, వరంగల్

సమాధానం: పత్రికల జాబితాల్ని మరీ నెత్తికెక్కించుకోకు నాయనా. చదివినవాళ్లు పోట్లాడుకోవాలనే వాటిని వేస్తారు. కాకపోతే ఈ ఒక్క పేరు దగ్గర నాకూ పేచీ లేదు.

హెండ్రిక్స్ సోలోలు నువ్వు వినే ఉంటావు. వాటిని కాసేపు పక్కనపెట్టి, 1967లో వచ్చిన ‘లిటిల్ వింగ్’ మొదటి అరనిమిషం విను. వేగం అసలు లేదు. బొటనవేలిని గిటార్ మెడ మీంచి ఇవతలికి వంచి లావు తీగను నొక్కిపెడతాడు. మనకు పాఠాల్లో చూపుడువేలిని ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోబెట్టి కార్డు పట్టమంటారు. అలా పడితే చెయ్యంతా బిగుసుకుపోతుంది. బాస్ పని బొటనవేలికి అప్పగించేసరికి ఆయన మిగతా వేళ్లకు తీరిక చిక్కింది. కార్డు ఇంకా మోగుతుండగానే చిటికెనవేలు పై మెట్టును ఒకసారి తాకి వస్తుంది. పక్కపక్క తీగలు రెండూ కలిసి చిన్న మాట ఒకటి అని మళ్లీ కార్డులో కలిసిపోతాయి. లయ ఎక్కడ ఆగింది, సోలో ఎక్కడ మొదలైంది అంటే వేలు పెట్టి చూపించలేం.

ఇది ఆయనకు రాత్రికి రాత్రి అబ్బలేదు. యానిమల్స్ బృందంలో బాస్ వాయించిన చాస్ చాండ్లర్ 1966 సెప్టెంబరులో ఆయన్ని లండన్ తీసుకెళ్లాడు. అప్పటికే హెండ్రిక్స్ ఇస్లీ బ్రదర్స్, లిటిల్ రిచర్డ్ లాంటివాళ్ల వెనక నిలబడి జీతానికి వాయించినవాడు. ముందు గాయకుడు పాడుతుంటే గిటార్ అడ్డం రాకూడదు, అలాగని పాటను బోసిగానూ వదలకూడదు. గిటారిస్టు కర్టిస్ మేఫీల్డ్ ఆ పనిలో అందె వేసిన చెయ్యి. హెండ్రిక్స్ ఆయన్నుంచి తీసుకున్నది చాలా ఉంది. నన్నడిగితే హెండ్రిక్స్‌లో సగం గొప్పతనం పాట వెనక వాయించే ఆ లయలోనే ఉంది. పోస్టర్లలో కనిపించేది మాత్రం మిగతా సగం.

ఆ మిగతా సగం సంగతికొస్తే, అది శబ్దం. ఆంప్లిఫయర్ (ఆంప్) వాల్యూమ్ పెంచి దాని ముందు నిలబడితే స్పీకర్లోంచి వచ్చే మోతకు గిటార్ తీగ తనంతట తానే కదులుతుంది. పికప్ ఆ కదలికను పట్టుకుని మళ్లీ ఆంప్‌కు పంపుతుంది, మోత ఇంకా పెరుగుతుంది. ఇదే ఫీడ్‌బ్యాక్. చాలామంది దీన్ని చూసి భయపడి వాల్యూమ్ తగ్గించేవాళ్లు. ఆయన కనిపెట్టిందేం కాదు, బీటిల్స్ 1964లోనే ‘ఐ ఫీల్ ఫైన్’ ఆరంభంలో దీన్ని వాడారు. వాళ్లకది ఒక్క క్షణం చమత్కారం. హెండ్రిక్స్ ఆంప్‌కు ఒక అడుగు ముందుకీ వెనక్కీ జరుగుతూ, శ్రుతిని జార్చే ట్రెమోలో కడ్డీని నొక్కుతూ వదులుతూ, ఆ కూతను తనకు కావలసిన స్వరం మీద నిలబెట్టేవాడు. 1969 ఆగస్టు 18, సోమవారం పొద్దున ఉడ్‌స్టాక్‌లో అమెరికా జాతీయగీతాన్ని అలాగే వాయించాడు. ఆదివారం రాత్రికి ముగియాల్సిన ఉత్సవం అది, అప్పటికి జనం చాలామంది ఇళ్లకు బయల్దేరిపోయారు. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులు. వాయిస్తున్నవాడు ఒకప్పుడు అమెరికా సైన్యంలో పారాట్రూపర్. గీతం మధ్యలో గిటార్ బాంబులా కిందికి జారి పేలుతుంది, మళ్లీ ఎక్కడ వదిలిందో అక్కడ స్వరం అందుకుంటుంది. అది విన్నాక నీ మెట్రోనోమ్ ఎన్ని బీట్లు చూపిస్తోందన్న ప్రశ్నే రాదు.

నీకో పని చెబుతాను. మెట్రోనోమ్‌ను 60కి దించు. ఒకే తీగ మీద ఐదు స్వరాలే వాడి రెండు నిమిషాలు వాయించి ఫోన్‌లో రికార్డు చెయ్యి. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా, ఒకటి ఆలస్యంగా, ఏదో ఒకటి అసలు వాయించకుండా. నీ స్నేహితులు ముగ్గురు వాయించిన రికార్డులతో దాన్ని కలిపి మీ అమ్మగారికి వినిపించు. నీదేదో ఆవిడ గుర్తుపట్టారంటే నువ్వు దారిలో ఉన్నట్టే.

సందేహం: అయ్యా, నేను వీణ నేర్పుతాను. మా మనవడు పెట్టిన పాటలో గిటార్ వాయించేవాడు తీగను లాగుతుంటే మన గమకంలా వినిపించింది. వాళ్లకూ అలాంటిది ఉందా, నా చెవి భ్రమపడిందా?
– వీణ ఉపాధ్యాయురాలు, విజయనగరం

సమాధానం: మీ చెవి భ్రమపడలేదమ్మా, చేసే పని ఒకటే. మీరు వీణ మీద మెట్టు మారకుండా తీగను పక్కకు లాగి పై స్వరాలు పలికిస్తారు. వాళ్లూ అంతే, దాన్ని బెండ్ అంటారు. తేడా ఎక్కడంటే, మీకు ఏ రాగంలో ఏ స్వరాన్ని ఎంత ఊపాలో గురువు చెబుతారు. వాళ్ల బ్లూస్ సంప్రదాయంలో ఆ లెక్క చెవులతో విని పట్టుకున్నదే. అందులో ఒక స్వరం ఉంది, మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో నిలుస్తుంది. పియానోలో అది దొరకదు. గిటార్‌లో తీగ లాగితే దొరుకుతుంది. ఎంత లాగాలన్న దగ్గరే మంచి గిటారిస్టు, మామూలు గిటారిస్టు వేరైపోతారు.

బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్‌ను వినండి. ఆయన బంధువు బుక్కా వైట్ గొట్టంలాంటిదాన్ని తీగల మీద జార్చి వాయించేవాడు. కింగ్‌కు ఆ పద్ధతి చేతకాలేదు. ఆ జారుడును వేలితోనే తేవాలని ప్రయత్నించి, మణికట్టును గబగబా ఆడించే ఒక కంపనం పట్టుకున్నాడు. ఒక్క స్వరం వాయించినా అది కింగ్ అని తెలిసిపోతుంది. పింక్ ఫ్లాయిడ్ బృందంలో డేవిడ్ గిల్మర్‌ది ఇంకో దారి. లాగిన తీగను పై స్వరం దగ్గర ఆపి, కాస్త నిలిపి, అక్కడినుంచి ఇంకా పైకి తీసుకెళతాడు. 1979 నాటి ‘ద వాల్’ ఆల్బమ్‌లో ‘కంఫర్టబ్లీ నంబ్’ అనే పాట ఉంది, దాని చివరి సోలో పెట్టమని మనవణ్ని అడగండి.

రెండు సంప్రదాయాలూ నిజంగానే కలుసుకున్న చోటూ ఉంది. ఇంగ్లీషు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ గారి దగ్గర వీణ నేర్చుకున్నాడు. తన శక్తి బృందం కోసం మెట్ల మధ్య చెక్కను లోతుగా తొలిపించి గిటార్ చేయించుకున్నాడు, తీగ మరింత సాగడానికి. తర్వాత ‘రిమెంబర్ శక్తి’ పేరుతో మళ్లీ బృందం కట్టినప్పుడు ఆయన పక్కన కూర్చున్నది మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. వాళ్లిద్దరి సంవాదం వింటే గిటార్ ఏదో మాండలిన్ ఏదో ఒక్కోసారి మీరు కూడా ఆగి పోల్చుకోవాల్సి వస్తుంది.

సందేహం: మా పాపది పుర్రచేతి వాటం. గిటార్ మాస్టారు కుడిచేత్తోనే నేర్చుకోవాలంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, గుంటూరు

సమాధానం: పాపకు ఎటు హాయిగా ఉంటే అటు. హెండ్రిక్స్, బ్లాక్ సబ్బాత్ బృందం టోనీ అయోమీ ఎడమచేతి వాళ్లుగానే వాయించారు. మార్క్ నాఫ్లర్, గ్యారీ మూర్ పుట్టుకతో ఎడమచేతి వాళ్లయినా కుడిచేతి పద్ధతిలోనే వాయించారు. నలుగురికీ లోటేమీ రాలేదు. ఎడమచేతి గిటార్లు మన కొట్లలో తక్కువ దొరుకుతాయన్నదొక్కటే ఆలోచించండి.

అయోమీ కథ పాపకు చెప్పండి. పదిహేడేళ్ల వయసులో బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ యంత్రంలో పడి ఆయన కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కాబట్టి మెట్లు నొక్కాల్సింది ఆ చేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పలచని తీగలు వేశాడు, 1971కి వచ్చేసరికి నొప్పి తగ్గేలా తీగల శ్రుతి కూడా దించేశాడు. హెవీ మెటల్ అనగానే మనకు తెలిసిన ఆ బరువైన మోతకు ఆ దించిన శ్రుతి ఒక పెద్ద కారణం.

సందేహం: మావాడు లక్షరూపాయల గిటార్ అడుగుతున్నాడు. ‘ఆ టోన్ దానికే వస్తుంది నాన్నా’ అంటాడు. నిజమేనా?
– ఒక తండ్రి, విశాఖపట్నం

సమాధానం: ఇప్పుడే వద్దు. క్వీన్ బృందం బ్రయాన్ మే దగ్గర చిన్నప్పుడు మంచి గిటార్ కొనే డబ్బు లేదు. 1963లో తండ్రీ కొడుకులు కలిసి తయారుచేయడం మొదలుపెట్టారు. మెడకు పాత నిప్పుగూటి చెక్క. ట్రెమోలోకు మోటారుసైకిల్ వాల్వు స్ప్రింగులు. దాని కడ్డీకి సైకిల్ సామాను, కొసన వాళ్లమ్మ స్వెట్టర్లు అల్లే సూది ముక్క. ఆయన జీవితమంతా ఎక్కువగా వాయించింది ఆ గిటారే, అదీ పిక్‌తో కాదు, ఆరు పెన్నీల నాణెంతో. తండ్రి ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ కావడం కలిసొచ్చిందనుకోండి, ఆ మాటా దాచకూడదు.

మీరు మధ్యరకం గిటార్ కొని, మిగిలిన డబ్బులో కొంత మంచి ఆంప్‌కు పెట్టండి. ఎలక్ట్రిక్ గిటార్‌లో మనం వినేది ఆంప్‌నే. తీగల ఎత్తు, మెట్ల వరస సరిచేసే మనిషికి ఇంకొంత ఇవ్వండి. తీగలు ఎత్తుగా ఉండి వేళ్లు నొప్పిపుట్టి గిటార్ అటక ఎక్కించిన పిల్లల్ని నేను చాలామందిని చూశాను.

సందేహం: కీత్ రిచర్డ్స్ పెద్దగా సోలోలు వాయించడు కదా. ఆయన్ని గొప్పవాళ్లలో ఎందుకు చేరుస్తారు? ఇలాంటివి వినడం ఎలా మొదలుపెట్టాలో కూడా చెప్పండి.
– ఒక బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్

సమాధానం: సోలో లేకుండానే జనాన్ని లేపి నిలబెట్టగలడు కాబట్టి. ఆయన గిటార్‌ను వేరే శ్రుతిలో పెట్టి, లావుగా ఉండే ఆరో తీగను పీకేసి ఐదు తీగలతో వాయిస్తాడు. ఒక్క వేలు అడ్డంగా వేస్తే కార్డు సిద్ధం, ఇంకో రెండు వేళ్లు తగిలిస్తే పక్క కార్డు. ‘బ్రౌన్ షుగర్’ అంతా ఆ రాకపోకలే. అవి తాళానికి వెంట్రుకవాసి ముందో వెనకో పడతాయి, ఆ ఊపు కాగితం మీద రాయడానికి రాదు. ఏసీ/డీసీలో మాల్కం యంగ్‌దీ ఇదే కోవ. తమ్ముడు యాంగస్ నిక్కరు వేసుకుని స్టేజీ అంతా గెంతుతుంటే మాల్కం వెనక నిలబడి బండి లాగేవాడు.

వినడానికైతే ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. 1980 నాటి ఏసీ/డీసీ ఆల్బమ్ ‘బ్యాక్ ఇన్ బ్లాక్’లో ఈ అన్నదమ్ములు చెరొక చెవిలో ఉంటారు, ఒక్కొక్కటే తీసి విడివిడిగా వినండి. 1978లో వచ్చిన వాన్ హేలెన్ బృందం మొదటి ఆల్బమ్‌లో గిటారిస్టు ఎడ్డీ గిటార్ ఎక్కువగా ఎడమ చెవిలో, దాని ప్రతిధ్వని కుడి చెవిలో వస్తాయి. అందులో ‘ఇరప్షన్’ 1 నిమిషం 42 సెకన్లే. దాని వేగం చూసి జడుసుకోకుండా మిగతా పాటల్లో గాయకుడి వెనక ఎడ్డీ ఏం చేస్తున్నాడో గమనించండి. బి.బి. కింగ్ ‘లైవ్ ఎట్ ద రీగల్’ మాత్రం ఇయర్‌ఫోన్లు తీసేసి స్పీకర్లో పెట్టుకోండి. 1964లో షికాగోలో రికార్డు చేసిన కచేరీ అది, తీగ లాగినప్పుడల్లా హాల్లో జనం వేసే కేకలు కూడా అందులో భాగమే.