ద్వంద్వ పౌరసత్వమా? ఓ.సి.ఐ. కార్డా?
(విదేశాల్లో స్థిరపడే మన హాస్టల్ మిత్రుల కోసం)



ఒకప్పుడు మన హాస్టల్ గేటు దాటి వెళ్ళిన అన్నలకు పోర్టులోనో, ఉక్కు కర్మాగారంలోనో, సర్కారు బడిలోనో ఉద్యోగం వస్తే అదే పెద్ద విజయం. నేడు మద్దిలపాలెం నుండి బయలుదేరి అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్ వరకు వెళ్ళి స్థిరపడిన వారు మనలో ఉన్నారు. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు వారు ఒక మాట అడుగుతుంటారు: "అక్కడి పౌరసత్వం తీసుకుంటే ఇక్కడిది పోతుందా? రెండూ ఉంచుకోవచ్చు అంటున్నారు, నిజమేనా?" రేపు విదేశీ విద్యకు వెళ్ళబోయే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా తెలుసుకోవలసిన సంగతి కనుక ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

రాజ్యాంగం ఏమంటుంది?

మన రాజ్యాంగం రెండవ భాగంలో 5 నుండి 11 వరకు ఉన్న అధికరణలు పౌరసత్వానికి సంబంధించినవి. 1949 ఆగస్టులో రాజ్యాంగ సభలో వీటిపై చర్చ జరిగినప్పుడు, ఒక్క అధికరణ తప్ప ముసాయిదా సంఘాన్ని ఇంతగా తలనొప్పి పెట్టినది మరొకటి లేదని డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ చెప్పుకున్నారు. తన ఇష్టంతో వేరే దేశ పౌరసత్వం పొందిన వ్యక్తి భారత పౌరుడు కాడని 9వ అధికరణ చెబుతోంది. 1955 పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది. అక్కడ ప్రమాణం చేసిన రోజే ఇక్కడి పౌరసత్వం దానంతట అదే రద్దవుతుంది. దానికి వేరే ఉత్తర్వు అక్కరలేదు.

అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా రెండు పౌరసత్వాలను అనుమతిస్తాయి. జర్మనీ కూడా 2024 జూన్ నుండి అనుమతిస్తోంది. కాని ఆ దేశం ఒప్పుకున్నంత మాత్రాన సరిపోదు, మన దేశం కూడా ఒప్పుకోవాలి. మన చట్టం ఒప్పుకోదు. కాబట్టి మన ముందు ఉన్న అసలు ప్రశ్న: భారత పౌరుడిగానే ఉండి విదేశంలో శాశ్వత నివాస అనుమతితో బ్రతకాలా? లేక విదేశీ పౌరసత్వం తీసుకుని ఓ.సి.ఐ. కార్డు పెట్టుకోవాలా?

ఈ కార్డు ఎలా వచ్చింది?

1999లో మొదట పి.ఐ.ఓ. కార్డు వచ్చింది. ప్రవాస భారతీయుల స్థితిగతులపై ఎల్.ఎం. సింఘ్వీ అధ్యక్షతన ఏర్పడిన ఉన్నత స్థాయి కమిటీ 2002 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఆ తరువాత 2003, 2005 చట్ట సవరణలతో 'విదేశీ భారత పౌరుడు' అనే కొత్త హోదా పుట్టింది. దీనినే ఓ.సి.ఐ. అంటున్నాము. మన తెలుగువారికి గుర్తుండే విషయం ఏమిటంటే, తొలి ఓ.సి.ఐ. కార్డులను 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో అప్పటి ప్రధాని డాక్టర్ మన్మోహన్ సింగ్ అందజేశారు. 2015 జనవరిలో పి.ఐ.ఓ. కార్డును కూడా దీనిలోనే కలిపివేశారు.

ఆ రోజుల్లో పత్రికలు దీనిని 'ద్వంద్వ పౌరసత్వం' అని రాశాయి. పేరులో 'పౌరుడు' అనే మాట ఉండడం వల్ల ఆ అపోహ నేటికీ పోలేదు. చట్టం దృష్టిలో ఓ.సి.ఐ. కార్డుదారుడు విదేశీయుడే. ఉక్కు నిర్వాసితుల ఇళ్ళ పిల్లలకు ఇది సులభంగా అర్థమవుతుంది. చేతిలో ఆర్-కార్డు ఉన్నంత మాత్రాన ఉద్యోగం చేతికి వచ్చినట్లు కాదని వారికి తెలుసు. ఏ కార్డు అయినా దాని మీద రాసిన మేరకే పనిచేస్తుంది.

కార్డుతో వచ్చేవి

1. జీవితకాల వీసా. ఎన్నిసార్లయినా రావచ్చు, ఎంతకాలమైనా ఉండవచ్చు. పోలీసు రిజిస్ట్రేషన్ అక్కరలేదు.
2. ప్రైవేటు ఉద్యోగం, వ్యాపారం చేసుకోవచ్చు. తగిన చట్టాలకు లోబడి డాక్టరు, నర్సు, న్యాయవాది, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్‌గా పనిచేయవచ్చు.
3. ఇల్లు, ఫ్లాటు, దుకాణం కొనవచ్చు.
4. దేశంలో విమాన ఛార్జీలు, చారిత్రక కట్టడాల ప్రవేశ రుసుము భారతీయులతో సమానం.

కార్డుతో రానివి

1. ఓటు హక్కు లేదు. అసెంబ్లీకి, పార్లమెంటుకు పోటీ చేయరాదు.
2. ప్రభుత్వోద్యోగాలలో సమాన అవకాశం కల్పించే 16వ అధికరణ వర్తించదు. మన వర్గాలకు ఉద్యోగాలలో రిజర్వేషన్ వచ్చేది కూడా ఆ అధికరణ నుండే.
3. రాష్ట్రపతి, ఉప రాష్ట్రపతి, హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవులకు అర్హత లేదు.
4. పరిశోధన, పత్రికా రచన, మత ప్రచారం, పర్వతారోహణ వంటి పనులకు ముందుగా ప్రత్యేక అనుమతి పొందాలి.
5. కొన్ని కారణాలపై కేంద్ర ప్రభుత్వం కార్డును రద్దు చేయగలదు. పుట్టుకతో వచ్చిన పౌరసత్వానికి ఈ భయం లేదు.

భూమి విషయంలో జాగ్రత్త

మనలో చాలామంది తల్లిదండ్రులకు ఊళ్ళో అరెకరమో ఎకరమో ఉంటుంది. వ్యవసాయ భూమిని, తోటలను, ఫాంహౌస్‌ను ఓ.సి.ఐ. వారు కొనరాదు. భారత పాస్‌పోర్టుతో విదేశంలో ఉండే ఎన్.ఆర్.ఐ.కి కూడా ఇదే నియమం. తండ్రి బ్రతికి ఉండగా దాన సెటిల్‌మెంటు ద్వారా పొలం రాసిస్తామన్నా ఇద్దరికీ కుదరదు. వారసత్వంగా వస్తే మాత్రం ఇద్దరూ పొందవచ్చు. తరువాత అమ్మదలిస్తే మన దేశంలో నివసించే భారత పౌరుడికే అమ్మాలి. అది జిరాయితీయా, ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టాయా అన్నది ముందే చూసుకోవాలి. డి-పట్టా భూముల బదిలీకి 1977 అసైన్డ్ భూముల చట్టం అదనంగా వర్తిస్తుంది.

పిల్లల సంగతి

ఇది అందరూ చివరకు ఆలోచించే విషయం. నిజానికి మొదట ఆలోచించాలి. 2021 మార్చి 4 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఓ.సి.ఐ. విద్యార్థులు నీట్, జె.ఇ.ఇ. వంటి పరీక్షలు రాయవచ్చు గాని, ఎన్.ఆర్.ఐ. సీట్లకు, అదనపు సీట్లకు మాత్రమే అర్హులు. భారత పౌరులకే కేటాయించిన సీట్లు వారికి రావు. అంతకు ముందు నుండి ఉన్న హక్కులను ఈ నోటిఫికేషన్ తీసివేయరాదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మన హాస్టల్‌లో చదివిన ఒక అన్న అమెరికాలో పౌరసత్వం తీసుకున్నాడు. 2022లో అక్కడే పాప పుట్టింది, ఆమెకు ఓ.సి.ఐ. తీశాడు. పాప పెద్దదై ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదవాలనుకుంటే, తండ్రి ఏ రిజర్వేషన్ సాయంతో పైకి వచ్చాడో ఆ సీటు ఆమెకు వర్తించదు. ఇది తప్పని గాని ఒప్పని గాని మేము అనడం లేదు. ముందే తెలిసి ఉండాలి అంటున్నాము.

మరి ఏది ఎంచుకోవాలి?

మళ్ళీ వచ్చి ఇక్కడే స్థిరపడాలని, ప్రభుత్వ సర్వీసులోనో రాజకీయాలలోనో పనిచేయాలని ఉన్నవారు తొందరపడి పౌరసత్వం మార్చుకోరాదు. గ్రీన్ కార్డు తీసుకున్నా మనం భారత పౌరులమే. 2011 నుండి ఎన్.ఆర్.ఐ.లు 6-ఎ ఫారం ద్వారా ఓటరుగా నమోదు కావచ్చు. అయితే ఓటు వేయడానికి స్వయంగా రావాలి. గ్రీన్ కార్డుతో ఉన్నవారు ఎక్కువ కాలం ఆ దేశం బయట ఉంటే అది పోయే ప్రమాదం ఉందని కూడా గుర్తుంచుకోవాలి.

అక్కడే జీవితం అనుకున్నవారు, పిల్లలు అక్కడే పెరిగినవారు పౌరసత్వం తీసుకోవడంలో అర్థముంది. నివసించే దేశంలో ఓటు లేకుండా, వీసా భయంతో బ్రతకడం మంచిది కాదు. మన కంచరపాలెం వైపు ఉన్న బర్మా క్యాంపు పేరే దీనికి సాక్ష్యం. బర్మాలో తరతరాలుగా ఉన్న మన తెలుగువారిలో చాలామందికి ఆ దేశ పౌరసత్వం లేదు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చి, దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక, సంపాదించినదంతా వదులుకుని ఓడలెక్కి రావలసి వచ్చింది.

తీసుకున్నాక చేయవలసినవి

మొదట భారత పాస్‌పోర్టును అక్కడి మన రాయబార కార్యాలయంలో సరెండర్ చేసి సర్టిఫికెట్ పొందాలి. పాత పాస్‌పోర్టు దాచుకుని దానితో ప్రయాణించడం నేరం. ఇక్కడి ఓటరు జాబితా నుండి పేరు తీయించుకోవాలి. బ్యాంకు ఖాతాల వివరాలు మార్పించుకోవాలి. ఆ తరువాత ఓ.సి.ఐ.కి దరఖాస్తు చేయాలి. తల్లిదండ్రుల జనన, చదువు, పాస్‌పోర్టు కాగితాలు అన్నీ ఒకచోట భద్రపరచండి.

తలుపు పూర్తిగా మూసుకుపోదు. ఓ.సి.ఐ.గా 5 సంవత్సరాలు నమోదై ఉండి, దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇక్కడ నివసించిన వారు, విదేశీ పౌరసత్వం వదులుకుని మళ్ళీ భారత పౌరసత్వం కోరవచ్చు.

మిత్రులారా! బాబాసాహెబ్ కొలంబియాలో, లండన్‌లో చదివి తిరిగి వచ్చి ఈ దేశ పౌరులకు హక్కుల గ్రంథం రాశారు. అందరూ తిరిగి రావాలని లేదు. ఎక్కడ ఉన్నా, ఏ కాగితం మీద సంతకం పెడుతున్నామో చదివి పెట్టాలి. చదువు మనకు ఇచ్చిన మొదటి శక్తి అదే. సందేహాలు ఉన్నవారు నిర్ణయానికి ముందు రాయబార కార్యాలయంలోనో, తెలిసిన న్యాయవాది దగ్గరో అడిగి తెలుసుకోవాలని, ఈ సంగతి తోటి హాస్టల్ మిత్రులకు కూడా చెప్పాలని కోరుతున్నాము.