కొత్త హెడ్మాస్టరు, పాత స్టాఫు: నమ్మకం ఎలా కుదురుతుంది?

స్కూల్ అసిస్టెంటుగా ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాళ్లకు ప్రమోషన్ వస్తుంది, జిల్లా పరిషత్ హైస్కూల్లో హెచ్‌ఎం కుర్చీ దొరుకుతుంది. క్లాసు నడపడం వాళ్లకు బాగా తెలుసు. క్యాష్ బుక్కు, జీతాల బిల్లు, సర్వీసు రిజిస్టర్లు, స్టాఫు మధ్య పాత పట్టింపులు మాత్రం కొత్త. స్టాఫు మీ మాట వినాలంటే ముందు మిమ్మల్ని నమ్మాలి. ఆ నమ్మకం ఎక్కువగా ఆఫీసు గదిలోనే కుదురుతుందని నా గట్టి అభిప్రాయం. అందుకే అక్కణ్నుంచే మొదలుపెడదాం.

మొదటి పని: చార్జి సరిగ్గా తీసుకోండి

క్యాష్ బుక్కులో నిల్వ, బ్యాంకు పాస్‌బుక్కులో నిల్వ పక్కపక్కన పెట్టి చూడండి. స్టాక్ రిజిస్టరు తెరిచి ల్యాబు సామాను, కంప్యూటర్లు, బెంచీలు లెక్క చూసుకోండి. ఇద్దరు సీనియర్ టీచర్లను పక్కన కూర్చోబెట్టుకునే ఇదంతా చేయండి. తేడా కనిపిస్తే చార్జి లిస్టులో రాసి, పాత హెచ్‌ఎం చేత సంతకం పెట్టించుకుంటే చాలు. ఆయన గురించి స్టాఫు రూములో ఒక్క మాట కూడా అనకండి. రేపు మేం బదిలీ అయ్యాక మా గురించీ ఇలాగే మాట్లాడతారా అని వినేవాళ్లు ఆలోచిస్తారు.

రెండోది: ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి

మొదటి పదిహేను రోజుల్లో అందరితోనూ మాట్లాడాలి. హిందీ మేడం, పీడీ సార్, జూనియర్ అసిస్టెంటు, అటెండరు, ఆయా, మధ్యాహ్న భోజనం వండే అక్కలు, ఎవరినీ వదలకండి. మీ గదికి పిలిపిస్తే సగం మాటలు లోపలే ఉండిపోతాయి. గ్రౌండుకో, వంటగదికో మీరే వెళ్లండి. రెండే ప్రశ్నలు అడగండి: ‘ఈ బళ్లో నేను కదపకూడని మంచి పద్ధతి ఏమిటి?’, ‘మీ కాగితం ఏదైనా ఆఫీసులో ఆగిపోయిందా?’

మూడోది: ఆగిన కాగితాలు కదిలించండి

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. హైస్కూల్ హెచ్‌ఎం డీడీఓ కూడా. అంటే స్టాఫు జీతాలు డ్రా చేసి ఇచ్చే అధికారి మీరే. ఇంక్రిమెంటు నెల దాటిపోయినా, సర్వీసు రిజిస్టరులో సెలవు ఖాతా రాయకపోయినా, కూతురి పెళ్లికి పెట్టుకున్న జెడ్‌పీపీఎఫ్ (జిల్లా పరిషత్ ప్రావిడెంట్ ఫండ్) లోను దరఖాస్తు మీ బల్ల మీదే ఉండిపోయినా ఇబ్బంది పడేది ఒక కుటుంబం. అలాంటి మనిషికి మీరు మీటింగులో బడి అభివృద్ధి గురించి ఎంత చెప్పినా చెవికెక్కదు.

ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరి కాగితం, ఏ రోజు వచ్చింది, ఏ రోజు పైకి వెళ్లింది, ట్రెజరీ అభ్యంతరం పెడితే ఏమని పెట్టింది, అంతా అందులో ఉండాలి. ఎవరు అడిగినా తమ వరస చూసుకోనివ్వండి. దగ్గరివాళ్ల ఫైలు ముందు, గిట్టనివాళ్ల ఫైలు వెనక అనే అనుమానం చాలా బళ్లను పాడుచేసింది. ఆ నోటుబుక్కు ఉంటే అనుమానానికి చోటుండదు. జూనియర్ అసిస్టెంటుతో పోట్లాడకండి, అలాగని బిల్లు మొత్తం ఆయనకే వదిలేయకండి. ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకోండి. నేర్చుకుంటున్నారని తెలిస్తే మీ మీద గౌరవం పెరుగుతుంది.

నాలుగోది: టైంటేబుల్, సర్దుబాటు పీరియడ్లు

టైంటేబుల్ బాధ్యత ఒక సీనియర్ టీచరుకు ఇవ్వండి. ఎవరైనా సెలవు పెట్టిన రోజు వాళ్ల పీరియడు ఎవరికి వెళ్లాలో ముందే ఒక వరస రాసి స్టాఫు రూములో అంటించండి. ఆ వరసలో మీ పేరు కూడా ఉండాలి. ఎనిమిదో తరగతి గోల చేస్తుంటే హెచ్‌ఎం వెళ్లి పాఠం చెప్పడం అందరూ చూస్తారు.

ఐదోది: గ్రాంటు లెక్క గోడ మీద పెట్టండి

సమగ్ర శిక్ష కింద వచ్చే కాంపోజిట్ గ్రాంటుకు పిల్లల సంఖ్యే ఆధారం. 250 దాటి 1000 లోపు పిల్లలున్న బడికి నిబంధనల ప్రకారం ఏడాదికి 75,000 రూపాయలు. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, మరమ్మతులు, మరుగుదొడ్ల శుభ్రత అన్నీ ఇందులోంచే. డబ్బు చిన్నదే కానీ అనుమానం పెద్దది. దేనికెంత ఖర్చు పెట్టాలో స్టాఫు మీటింగులో తేల్చి, తల్లిదండ్రుల కమిటీ ముందు పెట్టండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. వాళ్లను సంతకాలకు మాత్రమే పిలవకండి. వోచర్ల ఫైలు బల్ల మీద తెరిచి ఉంచండి. కొనే పని ఒకరికి, బిల్లు సరిచూసే పని ఇంకొకరికి ఇవ్వండి.

ఆరోది: పని ఇస్తే అధికారం కూడా ఇవ్వండి

పదో తరగతి స్పెషల్ క్లాసుల బాధ్యత లెక్కల సారుకు అప్పగించారనుకోండి. ఏ రోజు ఏ సబ్జెక్టో ఆయనే తేల్చాలి. మధ్యలో మీరు మార్చితే మళ్లీ ఆయన ఏ బాధ్యతా తీసుకోరు. పొరపాటు జరిగితే డీఈఓ ముందుగానీ తల్లిదండ్రుల ముందుగానీ ‘హెచ్‌ఎంగా అది నా బాధ్యత’ అని మీరే నిలబడండి. తర్వాత తలుపు వేసుకుని ఆయనతో సూటిగా మాట్లాడండి. అందరి ముందూ ఎవరినీ మందలించకండి, ముఖ్యంగా అటెండరునూ ఆయానూ. వాళ్లు ఎదురు చెప్పలేరు.

స్టాఫులో యూటీఎఫ్ వాళ్లుంటారు, పీఆర్‌టీయూ వాళ్లుంటారు, ఎస్‌టీయూ వాళ్లుంటారు. మీకూ ఒక ఉపాధ్యాయ సంఘం ఉండి ఉంటుంది. డ్యూటీలు వేసేటప్పుడు మాత్రం అది గుర్తు రాకూడదు.

మీటింగుల సంగతి

నెలకొకటి, గంటలోపు చాలు. గత నెల తీర్మానాల్లో ఏది అయింది, ఏది కాలేదు అన్నదానితోనే మొదలుపెట్టండి. కానివాటిలో మీ వంతు పనులుంటే ముందు అవే చదవండి.

ఇదంతా కుదిరిందో లేదో చూడటానికి మూడో నెల చివర రెండు రోజులు సెలవు పెట్టి, ఇన్‌చార్జి బాధ్యత రాతపూర్వకంగా ఇచ్చి వెళ్లండి. ఫోన్ చేసి అజమాయిషీ చేయకండి. తిరిగొచ్చాక రిజిస్టర్లు చూడండి. ఏ పని ఆగిపోయిందో, అది చేయడానికి ఎవరికి అధికారం ఇవ్వలేదో కనుక్కుని, మర్నాడే ఆ పని ఒకరికి రాసి ఇవ్వండి.