శాంతి చదువుకు వచ్చే పిల్లలకు

రాజనీతి శాస్త్రం చెబుతూ, చివరి ఏళ్లలో సంఘర్షణ పరిష్కారం పేపరు కూడా చెప్పి రిటైరయ్యాను. శాంతి చదువుల కోర్సులో చేరాలనుకునే పిల్లలు ఇప్పటికీ ఇంటికి వస్తుంటారు. మంచి మనసుంటే చాలనుకుని వస్తారు. వాళ్లకు నేను చెప్పేవి ఇవి.

1. గొడవల్లేని ఊరిని చూసి మోసపోవద్దు. నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ 1959లో ఓస్లోలో శాంతి పరిశోధన సంస్థ పెట్టాడు. ఎవరూ ఎవరినీ కొట్టకపోయినా, వ్యవస్థే మనుషుల బతుకును కుదించేస్తే అదీ హింసేనని 1969 నాటి వ్యాసంలో వాదించాడు. ఆ వ్యాసాన్ని పరీక్ష కోసం బట్టీపట్టే పిల్లలను చూస్తే బాధగా ఉంటుంది. టీ హోటల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టిన ఊళ్లు మనకు తెలియనివా? అక్కడ ఏళ్ల తరబడి పోలీసు కేసు ఒక్కటీ ఉండకపోవచ్చు. ఆ రెండో గ్లాసు ఎవరు పెట్టారు, ఎవరు కడుగుతున్నారు, కాదన్నవాడికి మర్నాడు కూలి దొరుకుతుందా? ఇవి అడగగలిగిన రోజున ఆ వ్యాసం అర్థమైనట్టు.

2. చెప్పేవాళ్లు ఎక్కడ తిరిగొచ్చారో కనుక్కోండి. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని మాంచెస్టర్ కాలేజీ 1948లోనే ఈ చదువును డిగ్రీలో పెట్టింది. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1973లో శాఖ తెరవడానికి క్వేకర్లనే శాంతివాద క్రైస్తవులు చందాలు పోగుచేశారు. అక్కడి తొలి ఆచార్యుడు ఆడమ్ కర్ల్ అంతకుముందే నైజీరియా అంతర్యుద్ధంలో రెండు పక్షాల దగ్గరికీ రాయబారానికి వెళ్లినవాడు. అలాంటి గురువు దొరికితే ఊరు దూరమైనా వెళ్లండి.

3. తరగతిలో పాత్రలు వేయమంటే సిగ్గుపడకండి. ఇవాళ కాలువ ఎగువ రైతుగా వాదించినవాడు రేపు చివరి ఆయకట్టు రైతుగా వాదించాలి. పట్టుదల వెనకున్న అప్పు, ఎండుతున్న నారు అప్పుడే కనిపిస్తాయి.

4. మన దగ్గర జరిగినదాన్ని వదిలేసి ఐర్లండు, దక్షిణాఫ్రికా చదవొద్దు. అవీ కావాలి, తర్వాత. 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ చర్చలు జరిగాయి. కాల్పులు మళ్లీ మొదలై, 2005 జనవరిలో నక్సలైట్లు ప్రక్రియ నుంచి తప్పుకున్నారు. రెండో విడత జరగనే లేదు. ఆయుధాలతో జనంలో తిరగొచ్చా అన్న ముడి విడలేదు. చాలామంది ‘విఫలం’ అని రాసి పేజీ తిప్పేస్తారు. నన్నడిగితే అసలు పాఠం 1997 నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడు ఎస్.ఆర్. శంకరన్ గారి నాయకత్వంలో ఏర్పడిన పౌర స్పందన వేదిక ఏళ్ల తరబడి ఇటు ఎన్‌కౌంటర్లనూ, అటు నక్సలైట్ల హత్యలనూ ప్రశ్నించింది. 1987లో నక్సలైట్లు అపహరించిన ఐఏఎస్ అధికారుల్లో ఆయనా ఒకరు. అలాంటి మనిషి వాళ్లతో మాట్లాడాల్సిందేనని ప్రభుత్వానికి చెప్పారు. ఇద్దరి చేతా మాటలు పడుతూ ఇద్దరి నమ్మకాన్నీ ఎలా నిలబెట్టుకున్నారో పరిశోధించే విద్యార్థి కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను.

5. తొందరపడి చేరకండి. లైబీరియాలో 2003లో యుద్ధం ఆపాలంటూ మహిళలను కదిలించిన లేమా బోవీ, ఆ తర్వాతే అమెరికాలోని ఈస్టర్న్ మెనొనైట్ విశ్వవిద్యాలయంలో ఎంఏ పూర్తిచేసింది. 2011లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ముగ్గురిలో ఆమె ఒకరు. కొన్నాళ్లు ఊళ్లలో పనిచేసి వచ్చిన పిల్లలు అడిగే ప్రశ్నల పదునే వేరు.

6. ఉద్యోగం గురించి తల్లిదండ్రులు అడుగుతారు, అడగాలి కూడా. ఢిల్లీ జామియా మిల్లియాలో నెల్సన్ మండేలా పేరిట 2004లో ఈ చదువుకు కేంద్రం వచ్చింది. అక్కడి డిగ్రీ అయినా దానంతటదే జీతం తేదు. న్యాయసేవల సంస్థలూ, స్వచ్ఛంద సంస్థలూ, పత్రికలూ చూసుకోవాలి. 2023 మధ్యవర్తిత్వ చట్టం ఒక ప్రాంతంలో జనం మధ్య సామరస్యాన్ని చెడగొట్టే తగాదాలకు ముగ్గురు మధ్యవర్తుల పద్ధతి పెట్టింది. ఆ పనికి ఊరి భాష తెలిసినవాళ్లు కావాలి. అందుకని తెలుగులో రాయడం నేర్చుకోండి. ఒక తగాదాలో రెండు పక్షాల వాదనా చెరొక పేజీలో రాసి, ఎవరిది వాళ్లకు చదివి వినిపించండి. “అవును, నేనన్నది ఇదే” అని ఇద్దరూ ఒప్పుకునేదాకా తిరగరాయండి.