ఆరోగ్య పాఠం: ఉత్తుత్తి సూది ఎందుకు?



“సిస్టర్, మా జేజికి నడుము నొప్పి. నీళ్ల సూదన్నా ఒకటి వేయండి, మనసు కుదుటపడుతుంది” అని వార్డులో మమ్ములను అడుగుతుంటారు. మేము వేయము. కారణం ఈ పాఠంలో చెబుతాము.

వైద్యం తరువాత నొప్పి తగ్గితే కారణాలు మూడు ఉండవచ్చు: వైద్యం పనిచేయడం, నొప్పి దానంతటదే తగ్గడం, శ్రద్ధగా చూసినవారి మీద నమ్మకం. ఏది ఎంతో తెలియాలంటే పోల్చి చూడాలి. దానియేలును, అతని ముగ్గురు స్నేహితులను పది దినాల తరువాత రాజు భోజనం తిన్న యౌవనస్థులతో పోల్చి చూశారు కదా! అయితే అక్కడ ఎవరు ఏమి తిన్నారో అందరికీ తెలుసు. అక్యుపంక్చర్, అనగా సూదుల వైద్యం, పరీక్షలో అది రోగికి తెలియకూడదు. తెలిస్తే నమ్మకమే ఫలితాన్ని మార్చేస్తుంది.

అందుకే ఉత్తుత్తి సూది. 1998లో జర్మనీ వైద్యులు మొద్దు మొన గల సూదిని తయారుచేశారు. నాటకంలో కత్తివలె అది పిడిలోనికి జారిపోతుంది, చర్మంలోనికి దిగదు. కొన్ని పరీక్షల్లో సంబంధం లేని చోట పైపైన గుచ్చుతారు. ఈ రెండవ పద్ధతిలో జర్మనీలో 1,162 మంది నడుము నొప్పి రోగులను పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. ఆరు నెలల తరువాత మేలు పొందినవారు నూటికి సుమారు ఇలా ఉన్నారు:

అసలు సూదులు – 48 మంది
ఉత్తుత్తి సూదులు – 44 మంది
మామూలు మందులు, వ్యాయామం – 27 మంది

అంటే ఏ చోట గుచ్చారన్నది అంత ముఖ్యం కాలేదు. పైపైన గుచ్చినా కొంత పని జరుగుతుందని కొందరు వైద్యుల వాదన. శ్రద్ధకు, నమ్మకానికి చాలా బలముందని మరికొందరి మాట.

మన పొరుగున చెంగల్పట్టులో 1968లో మొదలైన బి.సి.జి. పరీక్షలో కొందరికి టీకా, కొందరికి మందులేని సూది వేశారు. పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని అలాగే తేలింది. పసిబిడ్డలను మెదడు పొరల క్షయ నుండి అది కాపాడుతుంది గనుక వారికి తప్పక వేయించండి.

ఇది మోసం కాదా? నేటి పరీక్షల్లో “మీకు రెండింటిలో ఏదైనా రావచ్చు” అని ముందే చెప్పి సమ్మతి తీసుకొంటారు. జేజి అలా సమ్మతించలేదు. ఆమెకు తెలియకుండా నీళ్ల సూది వేస్తే అది అబద్ధమే. దానికి బదులు ప్రక్కన కూర్చొని, ఆమె చెప్పేది వినండి. ఆ మేలుకు సూది అవసరం లేదు.

సూదుల వైద్యానికి వెళ్లేవారు కొత్త సూదులే వాడమనండి. షుగరు, బి.పి. మాత్రలు మానవద్దు. నడుము నొప్పితో కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా వెంటనే ఆసుపత్రికి రండి.

దేవుడు మీ కుటుంబములను దీవించును గాక.