పీర్ రివ్యూ అయిన వ్యాసాన్ని గుర్తుపట్టేదెలా?

ప్రశ్న: ఒక వ్యాసం పీర్ రివ్యూ (ప్రచురణకు ముందు అదే రంగ నిపుణుల సమీక్ష) అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: జర్నల్ పేరు చూసి తేల్చేయకండి, వ్యాసాన్నే చూడండి. పేరున్న జర్నళ్లలోనూ సంపాదకీయాలు, పుస్తక సమీక్షలు సాధారణంగా పీర్ రివ్యూకు వెళ్లవు. మొదటి పేజీ అడుగునో, చివరనో ‘రిసీవ్డ్, రివైజ్డ్, యాక్సెప్టెడ్’ అని తేదీలుంటే మంచి ఆనవాలే. రిసీవ్డ్‌కు, యాక్సెప్టెడ్‌కు మధ్య నాలుగు రోజులే ఉంటే మాత్రం అనుమానించాల్సిందే. తేదీలదేముంది, ఎవరైనా వేసుకోవచ్చు కదా అంటారా? నిజమే, సమీక్ష పేరుకే చేసే జర్నళ్లూ ఉన్నాయి. 2013లో ‘సైన్స్’ పత్రిక కోసం విలేకరి జాన్ బొహానన్ కావాలనే తప్పులు పెట్టిన నకిలీ వ్యాసాన్ని 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపితే, 157 ఒప్పేసుకున్నాయి! నిజంగా సమీక్ష జరిగినా పొరపాట్లు దొర్లుతాయి: టీకాకు, ఆటిజానికి ముడిపెట్టిన వ్యాసం 1998లో పేరున్న వైద్య జర్నల్ ‘లాన్సెట్’లోనే వచ్చింది, పూర్తిగా ఉపసంహరించడానికి 2010 దాకా పట్టింది. కాబట్టి ఉదహరించే ముందు జర్నల్ సమీక్ష విధానంతో పాటు, ఆ వ్యాసంపై ఉపసంహరణ నోటీసు ఉందేమో కూడా చూడండి.