టువాలు: నేల మునిగినచో జాతి నిలుచునా?

పసిఫిక్ మహాసముద్రమున, ఆస్ట్రేలియాకును హవాయి దీవులకును నడుమ, టువాలు అను చిన్న దేశము కలదు. ఆ పేరునకు 'ఎనిమిది కలిసి నిలుచుట' యని యర్థము. దీవులు తొమ్మిది యైనను పూర్వము జనావాసము గలవి యెనిమిదియే. నేల యంతయు కలిపి సుమారు 26 చదరపు కిలోమీటర్లు. జనులు పదునొకండు వేలకు అటునిటు. రాజధాని ఫునాఫుటి.

ఇచ్చటివారు పోలినీషియా జాతివారు. బ్రిటిషువారు వీరి దీవులను ఎల్లిసు దీవులని పిలిచి, వేరు జాతికిని వేరు భాషకును చెందిన గిల్బర్టు దీవులతో చేర్చి పాలించిరి. 1974లో ప్రజల యభిప్రాయ మడుగగా, ఎల్లిసు దీవులవారిలో మిక్కిలి యెక్కువమంది వేరుపాటునే కోరిరి. 1978 అక్టోబరు 1వ తేదీన టువాలు స్వతంత్రమయ్యెను. 2000లో ఐక్యరాజ్యసమితిలో చేరెను.

ఇవి పగడపు దీవులు. కొండలు లేవు, మిక్కిలి యెత్తైన చోటు సైతము సముద్రమట్టమునకు 5 మీటర్లు మించదు. భూగోళము వేడెక్కుకొలది సముద్రజలము వ్యాకోచించుచున్నది. నేలపైనున్న హిమరాశులు కరగి కడలిలో కలియుచున్నవి. టువాలు చుట్టును సముద్రమట్టము 2023 నాటికి ముప్పది యేండ్లలో సుమారు 15 సెంటీమీటర్లు పెరిగినది. పెద్ద పోటు వచ్చినప్పుడు నీరు తీరము దాటి వచ్చుటయే గాక, నేలలోని రంధ్రములగుండ ఇండ్లనడుమ ఉబికివచ్చును. కావున గోడ కట్టినంతమాత్రమున ముప్పు తీరదు. చేమవంటి పులకా యను దుంపను గోతులలో పండింతురు. ఉప్పునీ రూరినచో ఆ పంట చెడిపోవును.

అయినను ఆ ప్రజలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఫునాఫుటిలో సముద్రమును పూడ్చి సుమారు 7 హెక్టార్ల మెరక నేలను కల్పించిరి. నేల మునిగినను తమ రాజ్యము నిలుచునని 2023లో రాజ్యాంగమున వ్రాసికొనిరి. ఆ యేడే ఆస్ట్రేలియాతో ఒడంబడిక చేసికొనిరి. దానిచే ఏటేట 280 మంది అచ్చట స్థిరపడవచ్చును.

అయితే వలసపోయినవారు టువాలువారుగా నిలుతురా? దీనికి పాత నిదర్శన మొకటి కలదు. వైటుపు దీవివారు, తమ దీవిలో జనము పెరిగి చోటు చాలదని, 1946లో ఫిజీ దేశమునందలి కియోవా దీవిని కొనిరి. 1947 మొదలు కొన్ని కుటుంబములు అచ్చటికి వెడలెను. ఫిజీ ప్రభుత్వము 2005లో వారికి పౌరసత్వ మొసగినది. నేడు వారు ఫిజీ పౌరులు. ఇంటిలో భాష మాత్రము టువాలు భాషయే.

సొంతగడ్డకు దూరముగ తరతరములుగా నివసించుచున్న మనకు ఈ సంగతి యొరుల కథగా తోచదు. రాజ్యాంగమున వ్రాసిన మాట రాజ్యమును నిలుపవచ్చును. భాషను నిలుపునది తల్లిదండ్రుల నోటిమాటయే. ఈ రాత్రి బిడ్డను ప్రక్కన గూర్చుండబెట్టుకొని, పటమున టువాలును వెదకి చూపి, ఈ వృత్తాంతమును తెలుగున చెప్పుడు.