పరామర్శ మరువరాదు

పాఠ్య భాగములు: లూకా 10:38–42; లూకా 15:3–7; గలతీయులకు 6:1–5

మార్త యింటి వృత్తాంతము క్రైస్తవ కుటుంబములన్నిటికిని తెలిసినదే. ఆమె చేసినది చెడ్డ పని కాదు. అతిథికి వంట చేయుట మంచిదే. అయినను ఆ మంచి పనియే ఆమె మనస్సును చెదరగొట్టెను. మనుష్యుని తన ధర్మమునుండి మరల్చునది ఎల్లప్పుడును పాపమే కానక్కరలేదు. పొట్టకూటి పని, అప్పు చింత, ఇంటి బెంగ కూడ మరల్చును. సౌదీ అరేబియాలో పనిచేయు తెలుగు క్రైస్తవుల జీవితమున ఈ సత్యము స్పష్టముగా కానవచ్చును.

1973లో చమురు ధర పెరిగిన పిమ్మట గల్ఫు దేశములకు కూలీల వలస హెచ్చెను. కరీంనగర్, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాలనుండి వేలకొలది జనులు వెళ్లిరి. పురుషులు కట్టడపు పనులకును, డ్రైవర్లుగాను, స్త్రీలనేకులు ఇంటిపనికిని కుదిరిరి. ఏజెంటుకిచ్చిన సొమ్ము తీరువరకు అనేకులకు నిద్ర పట్టదు. యజమానియగు కఫీలు చేతిలోనే వారి నివాసపత్రమైన ఇకామా ఆధారపడియుండెను. 2021 మార్చిలో వచ్చిన మార్పులవలన కొందరికి పని మారు వీలు కలిగెను గాని, ఇంటిపనివారికి ఆ మార్పులు వర్తింపలేదు.

తోట కూలీల సంతతికి ఈ కథ క్రొత్తది కాదు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసునుండి నేటాలు చేరినప్పుడు, అందులోనివారును ఒప్పందమునకు కట్టుబడినవారే. 1903లో తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషన్ సంఘము పంపగా రెవరెండు జాన్ రంగయ్యగారు నేటాలు చేరి, ఆ యేటనే కియర్స్‌నీ తోటలో సంఘము నేర్పరచిరి. అంతవరకు ఆ విశ్వాసులకు తమ సంఘమునుండి వచ్చిన బోధకుడు లేడు.

సౌదీ అరేబియాలో నేటికిని చర్చి కట్టడము లేదు. ముస్లిమేతరుల బహిరంగారాధనకు అనుమతి లేదు. వారాంతపు సెలవు శుక్ర, శనివారములు. ఇంటిపనిలోనున్న అనేకులకు ఆ సెలవైనను సరిగా దొరకదు. గుడి లేదు, గంట లేదు, ఆదివారము లేదు. అట్టి చోట క్రైస్తవ ధర్మములో మిగులునదేమి?

తప్పిపోయిన గొర్రె ఉపమానము దీనికి ఉత్తరము చెప్పును. నూరింటిలో ఒకటి తప్పినదని ఆ కాపరికెట్లు తెలిసెను? అతడు లెక్కించెను గనుక తెలిసెను. వెదకుటకు ముందు లెక్కించుట కలదు. క్యాంపులో పండ్రెండు గంటల పని ముగించినవాడు మంచముపై వాలి, ఇంటివారితో ఫోనులో మాటలాడి నిద్రపోవును. ప్రక్క మంచమువాడు రెండు దినములుగా అన్నము ముట్టలేదని అతనికి తెలియదు. పరుల యింటిలో ఒంటరిగా పనిచేయు స్త్రీ ప్రతి శుక్రవారము తోటివారితో ఒక్క మాట మాటలాడుచుండి, ఒక వారము మాటలాడకపోయినచో, ఆ లోటును గుర్తించువారెవరు? లెక్కపెట్టువారే గుర్తింతురు. గుర్తింపనిచో ఆమె ఆపద గోడల లోపలనే యుండిపోవును.

పౌలు గలతీయులకు వ్రాయుచు రెండు మాటలు చేర్చి చెప్పెను: పరుల భారములలో పాలుపంచుకొనవలెను, ఎవని బరువు వాడు మోయవలెను. ఇవి ఒకదానికొకటి విరుద్ధములు కావు. తన పని, తన నడత తన బరువు. రోగము, జీతము రాని కష్టము, మరణము ఒంటరిగా మోయరాని భారములు. అరబ్బీ కాగితము చదివించి పెట్టుట, రియాదులోని భారత రాయబార కార్యాలయమునకో జిద్దాలోని కాన్సులేటునకో తోడు వెళ్లుట, ఆసుపత్రిలో ఒక రాత్రి కూర్చుండుట – ఇవి పేదవాడును చేయదగిన సేవలు.

మరణము సంభవించినప్పుడు ఈ ధర్మము మరింత బరువగును. కుటుంబముయొక్క సమ్మతిపత్రము, ఆసుపత్రి, పోలీసు పత్రములు, యజమాని సంతకము సమకూడువరకు దేహము స్వగ్రామము చేరదు. ఎవడో ఒకడు పని మానుకొని కార్యాలయముల చుట్టు తిరుగవలెను. ముస్లిము, హిందూ సహోదరులును ఆ పనిలో చేయి కలుపుదురు. గాయపడినవానిని ఆదుకొన్న సమరయుడు వాని మతము నడుగలేదు గదా!

తోటల కాలము గడచినది. నేటి సంతతికి స్వంత ఇండ్లు, చర్చీలు, సెలవు దినములు కలవు. అయినను వరుసలో ఒక చోటు ఖాళీయైన దినమున ఆ లోటును కనుగొనువారు లేనిచో, ఆ చర్చి నిండియుండియు కొరతగలదియే. గుడి లేనిచోట ఒక పేరు మరువక అడుగువాడు సంఘధర్మము నెరవేర్చుచున్నాడు.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. మార్తను మరల్చినది మంచి పనియే. నేటి కుటుంబములలో అట్టి మంచి పనులేవి?
2. గత మాసములో కానరాని సంఘస్థుడెవడు? వానిని పరామర్శించినవారెవరు?
3. స్వంత బరువునకును, పంచుకొనదగిన భారమునకును గల భేదమేమి?